మహలక్ష్మమ్మ సత్రంలో మొదటి బంతి

పదకొండో తారీఖు గురువారం మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి మహలక్ష్మమ్మ సత్రంలో మొదటి బంతి కూర్చుంది. ముప్పై రెండు విస్తళ్ళు. సాయంత్రం అయిదూ పది దాకా ఆ బంతి లేవలేదు.

బంతిలో ఉన్నవాళ్ళు ముప్పై ఒక్కమంది అధికారులు, ఒక బొమ్మ. రెండో బంతిలో కూర్చోవలసిన నలభై ముగ్గురు వీధరుగు మీద ఉన్నారు. వాళ్ళు ఎదురుగా ఉన్న సర్కారు ఆసుపత్రిలో రోగులకి తోడుగా వచ్చినవాళ్ళు. వంట మేస్త్రి నూకరాజు ఈ రెండు గుంపులకీ మధ్య, గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

సత్రం కట్టి నూట ముప్పై ఏళ్ళు దాటింది. కట్టించిన మహలక్ష్మమ్మ ఒక బియ్యం వర్తకుడి భార్య. గుమ్మం పక్కన రాతి పలక మీద ఆవిడ చెక్కించింది ఒకటే వాక్యం. బంతికి ముప్పై ఇద్దరికి తక్కువ కాకుండా ప్రతి మధ్యాహ్నం అన్నం పెట్టవలెను. ఆ పని ఇరవై ఆరేళ్ళుగా నూకరాజు చేస్తున్నాడు. అన్నం, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ. మొదట్లో కాలవ దాటే బాటసారులు తినేవారు. ఆసుపత్రి వచ్చాక ఆసుపత్రి వాళ్ళు తింటున్నారు. వాళ్ళలో చాలామందికి రోజు మొత్తం మీద తిండి అదొక్కటే.

కిందటి ఏడాది సత్రాన్ని ఆహార సంస్కృతి ప్రదర్శనశాలగా మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ప్రత్యేకాధికారిగా యజ్ఞనారాయణ అనే ఆయన్ని వేశారు. ఆయన వచ్చిన మొదటి రోజు టేపుతో పొయ్యి పొడవు, వెడల్పు కొలిపించాడు. తరవాత నూకరాజు పొడవు కూడా కొలిపించాడు.

"నూకరాజుగారూ, ఇన్నాళ్ళూ మీరు అన్నం పెడుతున్నాననుకున్నారు," అన్నాడు యజ్ఞనారాయణ. "వాస్తవానికి ఇక్కడ జరుగుతున్నది ఆహార సంబంధ అమూర్త వారసత్వ ప్రక్రియ."

"ఆయ్," అన్నాడు నూకరాజు. "మరి రేపు పెట్టమంటారా, మానమంటారా అండి?"

ఆ ప్రశ్నకి జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రదర్శనశాల చట్టం ప్రకారం లోపల రెండు రకాల జీవులే ఉండవచ్చు. సిబ్బంది, సందర్శకులు. సిబ్బంది తినకూడదు. సందర్శకులు చూడాలి తప్ప తినకూడదు. నూకరాజు నాలుగు రోజులూ ఆయన గది బయట నిలబడ్డాడు. అయిదో రోజున యజ్ఞనారాయణ దారి కనిపెట్టాడు. ఆసుపత్రి వాళ్ళని సిబ్బందిగానూ కాకుండా, సందర్శకులుగానూ కాకుండా, వస్తువుల జాబితాలో చేర్చాడు. 42వ వస్తువు. తరగతి: భోజనం చేయువారు. స్థితి: సజీవం. పరిమాణం: ఒక సెట్టు.

"సెట్టులో ఎందరున్నా ఫరవాలేదు," అన్నాడు. "ఒక షరతు. భోజనశాలలో ఎవరివల్లనైనా సరే, ఏ ఒక్క నియమానికి భంగం కలిగినా వంటగదికి ఆ రోజే సీలు పడుతుంది. సంతకం పెట్టండి."

నూకరాజు సంతకం పెట్టాడు. ప్రదర్శనశాల సంరక్షకుడి ఉద్యోగం ఖాళీగా ఉండటంవల్ల తాత్కాలిక సంరక్షకుడిగా కూడా ఆయన చేతే ఇంకో సంతకం పెట్టించారు. ఆ రోజు నుంచి పొయ్యి వెలిగించేముందు వస్తువులన్నీ ఉన్నాయో లేదో లెక్కచూడటం, సిబ్బందికి రెండేసి మర్యాద నియమాలు చదివి వినిపించడం ఆయన పని. సిబ్బంది అంటే వడ్డన చేసే బుల్లెమ్మ.

ఆ నియమాలు కూడా నూకరాజు చెప్పినవే. నిపుణుల సంఘం మూడు రోజులు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి బంతి మర్యాదలు చెప్పించుకుంది. బంతి మధ్యలో లేస్తే పక్కవాళ్ళని తక్కువ చేసినట్టని ఆయన చెప్పాడు. అది తొమ్మిదో నియమం అయింది: బంతిలో చివరివారు భోజనం ముగించువరకు ఎవరూ లేవరాదు. ఖాళీ విస్తరి ముందు మనిషిని కూర్చోబెట్టకూడదని చెప్పాడు. అది పదకొండు. ఎంగిలి చేత్తో కాగితం ముట్టుకోకూడదన్నాడు. పద్నాలుగు. బంతిలో ఎడంచెయ్యి పైకి తియ్యరన్నాడు. పదిహేను. పక్కవాణ్ణి తొందరపెట్టకూడదన్నాడు. పదిహేడు.

"అయితే ఒంట్లో బాగోపోతే లేస్తారండి," అని కూడా చెప్పాడు. "పెద్దోళ్ళు లేచిపోమంటే లేచిపోతారు. ఇయ్యన్నీ చూసీ చూడనట్టు పోయేవేనండి."

సంఘం ఆ వాక్యాలు రాసుకోలేదు. మినహాయింపులవల్ల సంస్కృతి పలచబడుతుందని అధ్యక్షుడు అభిప్రాయపడ్డాడు.

ప్రారంభోత్సవం పదకొండో తారీఖున పెట్టారు. ముఖ్య కార్యదర్శి వసుంధరాదేవి మొదటి బంతిలో భోజనం చేస్తారు. భోజనశాలలో నాలుగు కెమెరాలు పెట్టారు. పాక వారసత్వ మండలి సభ్యులు రాజధానిలో కూర్చుని తెర మీద చూస్తారు. నియమభంగం లేకుండా ఒక బంతి పూర్తయితే ప్రదర్శనశాలకి గుర్తింపు వస్తుంది. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు.

పన్నెండూ అయిదుకి తెలిసిందేమిటంటే, రావలసిన ముప్పై ఇద్దరిలో ఒకరు రాలేదు. రాతి పలక మీద ఉన్నది ఒకటో నియమం. ముప్పై ఇద్దరికి తగ్గితే బంతి మొదలు కాదు.

"బయట నలభై ముగ్గురున్నారండి," అన్నాడు నూకరాజు. "ఒకర్ని పిలిస్తే కూర్చుంటారు."

యజ్ఞనారాయణ ఆయన వంక చూశాడు. "ముఖ్య కార్యదర్శిగారి పక్కన ప్రదర్శన వస్తువుని కూర్చోబెట్టమంటారా?"

పన్నెండూ పదిహేనుకి మేడమీద గది నుంచి 41వ వస్తువుని దింపించి, వసుంధరాదేవి పక్కన, బంతి చివర, పీట మీద కూర్చోబెట్టించాడు. అది ఫైబరు బొమ్మ. తలపాగా, పంచె, ముందుకు వంగిన వీపు. కుడిచెయ్యి విస్తరి మీద నాలుగు వేళ్ళ ఎత్తున ఆగి ఉంటుంది. మెడలో చీటీ మీద భోజనం చేస్తున్న బాటసారి, తరగతి: భోజనం చేయువారు అని రాసి ఉంది.

"ముప్పై రెండు," అన్నాడు యజ్ఞనారాయణ కెమెరా వైపు తిరిగి. తరవాత తన పీట మీద కూర్చున్నాడు.

బుల్లెమ్మ అన్నం తట్టతో బొమ్మ దాకా వచ్చి ఆగింది.

"దీనికీ పెట్టాలేటి, మేస్త్రిగారూ?"

"విస్తరుందా లేదా?"

"ఉంది."

"పెట్టు మరి."

"మా ఆయనా ఇలాగే కూర్చుంటాడు, పలుకూ ఉలుకూ లేకుండా," అంది బుల్లెమ్మ. "కాపోతే తింటాడు."

ఒంటిగంటా అయిదుకి మజ్జిగ అయింది. అధికారులు ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. తరవాత అందరూ బంతి చివరకి చూశారు. బాటసారి భోజనం చేస్తున్నాడు.

ఒంటిగంటా ఇరవైకి యజ్ఞనారాయణ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, బొమ్మ విషయంలో తొమ్మిదో నియమం వర్తిస్తుందా అన్నది పరిశీలనార్హం."

"చివరివారు అంటే మనుషులే కదా," అంది వసుంధరాదేవి.

"మనుషులే మేడమ్. కాని ఆయన మనిషి కాకపోతే మనం ముప్పై ఒక్కరమే అవుతాం. అప్పుడు పన్నెండూ ఇరవై నుంచే ఒకటో నియమానికి భంగం కలిగినట్టు."

వసుంధరాదేవి కెమెరా వంక చూసింది. "అయితే ఆయన మనిషి."

"చిత్తం."

"ఎంతసేపట్లో ముగిస్తారు?"

యజ్ఞనారాయణ మెడ సాచి బొమ్మ చేతికీ విస్తరికీ మధ్య ఎంత దూరం ఉందో చూశాడు.

గుమ్మంలో ఇదంతా విన్న నూకరాజుకి అర్థమైంది ఒకటే. తొందరపడి వీళ్ళలో ఎవరు లేచినా వంటగదికి సీలు పడుతుంది. ఎవరూ లేవకపోతే రెండో బంతి కూర్చోదు.

ఒకటిన్నరకి నియమ సవరణ ప్రతిపాదన వచ్చింది. సంఘ సభ్యులందరూ బంతిలోనే ఉన్నారు కాబట్టి సమావేశానికి కోరం ఉంది. తొమ్మిదో నియమంలో బొమ్మలు మినహా అన్న మాట చేర్చాలని తీర్మానించారు. గుమాస్తా కాగితం టైపు చేసి తెచ్చి విస్తళ్ళ ముందు పట్టుకున్నాడు. అందరి కుడిచేతులూ ఎంగిలిగా ఉన్నాయి. చెయ్యి కడుక్కోవాలంటే లేవాలి. ఎడంచేత్తో సంతకం పెట్టాలంటే పదిహేనో నియమం ఉంది. గుమాస్తా పావుగంటసేపు కాగితం అలాగే పట్టుకుని, తరవాత మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఈలోగా విస్తళ్ళు ఖాళీ అయ్యాయి. పదకొండో నియమం ప్రకారం నూకరాజు మళ్ళీ అన్నం పెట్టించాడు. మొదటి గుండిగ అయిపోయింది. రెండు గుండిగలు మిగిలాయి. అవి రెండో బంతికి ఉంచినవి.

రెండింటికి రెండో గుండిగ మూత తీశారు.

"వద్దు నూకరాజూ," అన్నాడు ఆరోగ్య శాఖ జాయింటు డైరెక్టరు. ఆయన కాళ్ళు రెండూ తిమ్మిరెక్కాయి. మోకాలి మీద గుద్దుకుంటున్నాడు. "ఇంక పట్టదయ్యా."

"తినకపోతే మానెయ్యండి బాబూ. ఇస్తరి మాత్రం ఖాళీగా ఉండకూడదండి."

"ఎవడు చెప్పాడు?"

"నేనేనండి," అన్నాడు నూకరాజు.

వీధరుగు మీద నుంచి ఏసుదాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. కూతురు నాలుగు రోజులుగా కాన్పు వార్డులో ఉంది. ముందురోజు మధ్యాహ్నం సత్రంలో భోంచేశాక ఆయన ఇంకేమీ తినలేదు.

"మేస్త్రిగారూ, ఇంకెంతసేపండి?"

"బంతి లేవలేదు, పెద్దాయనా."

ఏసుదాసు తల లోపలికి పెట్టి చూశాడు. "మొదలెట్టి రెండు గంటలైనట్టుందండి. బాగా ఆకలి మీద వచ్చినట్టున్నారు."

"తినడం ఎప్పుడో అయిపోయింది."

"మరి?"

"ఆ చివరాయన తినట్లేదు."

ఏసుదాసు కళ్ళు చికిలించి బొమ్మని చూశాడు. "ఒంట్లో బాలేదేమో. మా ఆసుపత్రికి పంపకపోయారా?" అని, ఎదురుగా ఆసుపత్రి వైపు చూసి, "నాలుగింటికి వార్డులోకి వదుల్తారండి. అప్పుడెల్లకపోతే మళ్ళీ రేపే. పిల్ల ఎదురుచూత్తాది," అన్నాడు.

నూకరాజు బొమ్మ వంక చూశాడు. బొమ్మని చంకలో ఎత్తుకుపోవడం ఆయనకి పెద్ద పని కాదు. గుండిగ అంత బరువు కూడా ఉండదు. కాని నాలుగు కెమెరాలు చూస్తున్నాయి. బయటికి తీసుకెళ్ళి పెడదామంటే, మొదటి బంతి లేవకుండా రెండో బంతికి వడ్డించరాదన్నది పదో నియమం. ఈ నలభై ముగ్గురికీ ఈ పూట పెట్టి వంటగది పోగొట్టుకుంటే రేపటి నలభై ముగ్గురికి ఎవరు పెడతారు? ఆయన లోపలికి వెళ్ళి నియమావళి పుస్తకం తీసి పొయ్యి గట్టు మీద పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏడు మర్యాద నియమాలు ఆయనకి కంఠతా వచ్చు. ఆ తరవాతవి వస్తువుల సంరక్షణకి సంబంధించినవి. అవి ఎవరూ చదివినట్టు లేదు. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

మూడూ పదికి బుల్లెమ్మ వచ్చింది. "మేస్త్రిగారూ, రెండో గుండిగ సగానికొచ్చింది. ఆ బొమ్మ ఇస్తట్లో అన్నం గుట్టైపోతంది. ఇంకొక్క గరిటె పెడితే దాని చేతికి తగుల్తాది."

నూకరాజు పుస్తకంలోంచి తల ఎత్తాడు. తరవాత మళ్ళీ దించి, వేలు పెట్టిన చోట ఇంకోసారి చదివాడు.

"విస్తళ్ళెలాగున్నాయి?"

"ఇస్తట్లో వదిలేస్తే తప్పేమోనని ఆ ఆరోగ్యం ఆయన భయపడి తినేశాడు. ఖాళీ."

"అయితే వడ్డన తిప్పాలి. తట్ట ఇలా తే. నేను తిప్పుతాను."

ఆయన బంతి మొదటి నుంచి వడ్డించుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గరిటె. బొమ్మకీ ఒక గరిటె. అన్నం గుట్ట మీద పడి, బాటసారి వేళ్ళకి తగిలి, మణికట్టు దాకా వచ్చింది.

నూకరాజు తట్ట దింపి, పుస్తకం తెప్పించి, కెమెరాకి వినిపించేలా చదివాడు. ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయి. "ముప్పై ఒకటో నియమం. ఆహార పదార్థము తాకిన ప్రదర్శన వస్తువును తక్షణమే తొలగించి శుద్ధికి పంపవలెను. ఆ స్థానమున అదే తరగతికి చెందిన వేరొక వస్తువును ఉంచవలెను. ఉత్తర్వుపై సంరక్షకుడు సంతకము చేయవలెను."

అధికారులందరూ బొమ్మ చేతి వంక చూశారు.

"సంరక్షకుడు ఎవరు?" అంది వసుంధరాదేవి.

"నేనేనండి."

"అదే తరగతి వస్తువు మన దగ్గర ఉందా?"

"ఒకటే ఉందండి. నలభై రెండు. బయట అరుగు మీదుంది."

యజ్ఞనారాయణ ముందుకి వంగాడు. "మేడమ్, ఒక్కర్ని పిలిస్తే సరిపోతుంది. త్వరగా తినేవాణ్ణి."

"కుదరదండి," అన్నాడు నూకరాజు పేజీ తిప్పి. "ముప్పై మూడు. సెట్టుగా నమోదైన వస్తువులను విడదీయరాదు. తమరే ఒక సెట్టని రాశారండి."

"మొత్తం ఎందరు?"

"నలభై ముగ్గురండి. బంతిలోకి వచ్చాక చివరివారు ముగించేదాకా అందరూ కూర్చోవాలి. అది తొమ్మిది."

వసుంధరాదేవి తన విస్తట్లో అన్నం వంక చూసింది. "నియమావళిలో ఉన్నప్పుడు తదనుగుణంగా తగు చర్యలు తీసుకోండి," అంది.

నూకరాజు సంతకం పెట్టాడు. మూడూ ఇరవై రెండుకి నలభై ముగ్గురూ లోపలికి వచ్చారు. ఎదురు గోడవారా, వసారాలోనూ విస్తళ్ళు పరిచారు. బాటసారి పీట మీద ఏసుదాసు కూర్చున్నాడు. రెండో గుండిగలో మిగిలింది, మూడో గుండిగ, రెండూ కలిపినా చాలవని తెలిసి నూకరాజు ఇంకో ఎసరు పెట్టాడు.

ఏసుదాసు మొదటి ముద్ద కలుపుకుని పక్కకి చూశాడు. "తవరు తినట్లేదేటమ్మా?"

"నేను పన్నెండూ ఇరవై నుంచి తింటున్నానండీ."

"మంచిది. తినాలి," అన్నాడు ఏసుదాసు. "ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారా అమ్మా?"

"లేరు."

"అదృష్టవంతులు. మా పిల్లకి ఇది మొదటి కాన్పు. డాక్టరమ్మ రేపంటుంది, ఎల్లుండంటుంది." ఆయన కూర నంజుకున్నాడు. "నాలుగింటికి ఎల్లాలి. కుదిరేలా లేదు."

వసుంధరాదేవి ఆరోగ్య శాఖ జాయింటు డైరెక్టరు వైపు తిరిగింది. "వార్డు వేళలు ఎవరి పరిధిలో ఉంటాయి?"

"నా పరిధిలోనే మేడమ్."

"నాలుగింటికి బదులు ఈ రోజు ఆరింటికి చెయ్యండి."

"ఉత్తర్వు మీద సంతకం కావాలి మేడమ్," అన్నాడాయన, కుడిచెయ్యి చూపిస్తూ. "లేవగానే పెడతాను."

నాలుగూ ఇరవైకి కొత్త ఎసరు అన్నం దిగింది. నాలుగూ యాభైకి నలభై ఇద్దరు మజ్జిగ తాగి చేతులు విస్తరి అంచున పెట్టుకుని కూర్చున్నారు. ఏసుదాసుకి నాలుగు పళ్ళున్నాయి. ఆయన చారు రెండోసారి అడిగాడు.

"పెద్దాయనా," అన్నాడు జాయింటు డైరెక్టరు, "కాస్త..."

"పదిహేడండి," అన్నాడు నూకరాజు గుమ్మంలోంచి.

జాయింటు డైరెక్టరు మోకాలు పట్టుకుని ఊరుకున్నాడు. డెబ్బై మూడు మంది చూస్తుండగా ఏసుదాసు చారన్నం తిన్నాడు, మజ్జిగ పోయించుకున్నాడు, వేళ్ళతో విస్తరి శుభ్రం చేశాడు. అయిదూ పదికి విస్తరి మడిచాడు.

బంతి లేచింది. ఎవరో వచ్చి పైకి లాగేదాకా జాయింటు డైరెక్టరు లేవలేకపోయాడు. చెయ్యి కడుక్కున్నాక ఆయన మొదటి సంతకం వార్డు వేళల మీద పెట్టాడు. ఏసుదాసు ఆరింటికి వార్డులోకి వెళ్ళాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి ఉత్తర్వు వచ్చింది. మూడు అంశాలు. నియమభంగం లేకుండా బంతి పూర్తిచేసినందుకు ప్రదర్శనశాలకి పాక వారసత్వ మండలి గుర్తింపు ఇచ్చింది. 41వ వస్తువుని శుద్ధి నిమిత్తం రాజధానికి పంపాలి. ఇకమీదట అధికారులెవరూ బంతిలో కూర్చోరాదు.

నూకరాజు కాగితాన్ని రెండుసార్లు చదివి బుల్లెమ్మకి ఇచ్చాడు. "వంటగది గురించి ఏమన్నా ఉందేమో చూడు."

బుల్లెమ్మ వెనకవైపు కూడా తిప్పి చూసింది. "ఏం లేదండి."

పదింటికి ఆయన పొయ్యి వెలిగించాడు. ఆ మధ్యాహ్నం మొదటి బంతిలో ముప్పై ఇద్దరు, రెండో బంతిలో ముప్పై ఆరుగురు భోంచేశారు.